‘పెద్ద వేట జంతువులు’ ఏవి? చట్టం ఏమంటోంది?

పంట చేలపై పడే అడవిపందిని చంపితే నేరమా, కాదా అన్నది అటవీ సరిహద్దు గ్రామాల రైతులకు తరచూ ఎదురయ్యే సందేహం. ఒకప్పుడు లైసెన్సుపై వేటాడే వీలున్న ఈ జంతువుకు ఇప్పుడు చట్టరక్షణ ఉంది.

నాటి వర్గీకరణ

1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువులను షెడ్యూళ్లుగా విభజించింది. పులి వంటివి మొదటి షెడ్యూల్‌లో చేరాయి. వాటి వేట నిషిద్ధం. రెండో షెడ్యూల్‌లో ప్రత్యేక వేట జంతువులు, మూడో దానిలో పెద్ద వేట జంతువులు, నాలుగో దానిలో చిన్న వేట జంతువులు ఉండేవి. ఒక్కో వర్గానికి ఒక్కో లైసెన్సు అవసరమయ్యేది. చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, అడవిపంది, హైనా ‘పెద్ద వేట’ జాబితాలోనివే. శరీర పరిమాణం ఒక్కటే ఇందుకు కొలమానం కాదని పులిని విడిగా ఉంచడమే తెలుపుతోంది. లైసెన్సు ఉన్నా వాహనంపై నుంచి వేటాడటం, విషం పెట్టడం కుదిరేది కాదు.

1991తో తెర

1991 సవరణతో లైసెన్సు వేట రద్దయింది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, ఆరు షెడ్యూళ్లను నాలుగుకు కుదించింది. నేడు జంతువులకు రెండే షెడ్యూళ్లు. అత్యధిక రక్షణ గలవి మొదటి దానిలో, మిగిలినవి రెండో దానిలో ఉన్నాయి. చుక్కల దుప్పి, మనుబోతు, అడవిపంది రెండో షెడ్యూల్‌లోకి వస్తాయి.

పంట నష్టపోతే...

రెండో షెడ్యూల్ జంతువు ప్రాణానికి గానీ, నిలువు పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలు చూపుతూ లిఖితపూర్వక ఉత్తర్వుతో వేటకు అనుమతించవచ్చు. ఉత్తర్వు లేకుండా రైతు స్వయంగా చంపడం నేరం. మొదటి షెడ్యూల్ జంతువుల విషయంలో పంట నష్టం కారణంగా చూపడం చెల్లదు. నిర్ణీత ప్రాంతానికి, నిర్ణీత కాలానికి రెండో షెడ్యూల్ జంతువును ‘హానికర జంతువు’గా ప్రకటించే అధికారం కేంద్రానికి ఉంది. బీహార్‌లో కొన్ని జిల్లాల్లో 2015లో మనుబోతు, అడవిపందులను ఇలా ప్రకటించారు.

ఉచ్చు బిగించినా వేటే

చంపడమే కాదు, విషం పెట్టడం, ఉచ్చు బిగించడం, పట్టుకోవడం, అందుకు ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. సాధారణ ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మొదటి షెడ్యూల్ జంతువైతే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల వరకు ఉండవచ్చు. కనీస జరిమానా రూ.25,000. ఆత్మరక్షణలో సదుద్దేశంతో చంపితే నేరం కాదు. అయితే ఆ జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది కాబట్టి మాంసం పంచుకోవడం కుదరదు.