చిత్రవిద్యాబోధనము - రుసుము, ఉచితము

విద్య నార్జించుటకు మన పెద్దలు మూడు మార్గములు చెప్పిరి. గురువును సేవించుట యొకటి. ధనమిచ్చుట రెండవది. తనకు వచ్చిన విద్య నొసగి వేరొక విద్యను గ్రహించుట మూడవది. నాలుగవ మార్గము లేదని వారి నిర్ణయము. అయితే ఇంచుమించు గడచిన ఎనుబది యేండ్లలో చిత్రలేఖనమునకు నాలుగవ మార్గ మొకటి ఏర్పడినది. ఇందు గురువు శిష్యుని ముఖ మెరుగడు, శిష్యుడు గురువునకు కాసైనను చెల్లింపడు, అయినను పాఠము నడచును. ఈ మార్గ మెట్లు పుట్టినదో, రుసుముతో నేర్చు విద్యకును దీనికిని గల భేద మేమో తెలిసికొనుట నేటి యువకులకును, వారి తల్లిదండ్రులకును అవసరము.

అమెరికా దేశమున 1946లో ఎన్.బి.సి. టెలివిజన్ సంస్థ జాన్ నేగీ అను చిత్రకారునిచే బొమ్మలు వేయుట నేర్పింప మొదలిడెను. బంతి, శంకువు, ఘనము, స్తంభము అను నాలుగు ఆకారములను గీయగలవాడు దేనినైనను గీయగలడని ఆయన బోధ. పాఠమునకు వెల లేదు. ఆయన పేరిట అమ్ముడుపోయిన చిత్రసామగ్రి పెట్టెలకు మాత్రము వెల గలదు. పాఠము నుచితముగా నిచ్చి పరికరముల నమ్ముట అను పద్ధతి ఆనాటిదే.

రెండేండ్లకు, 1948లో, ఆల్బర్ట్ డార్న్, నార్మన్ రాక్‌వెల్ మొదలగు ప్రసిద్ధ చిత్రకారులు ఫేమస్ ఆర్టిస్ట్స్ స్కూల్ అను సంస్థను స్థాపించిరి. ఇది టపా ద్వారా రుసుముతో నేర్పు పాఠశాల. శిష్యుడు తన బొమ్మను పంపగా, బోధకుడు దానిపై పలుచని పారదర్శక పత్రము నుంచి, తప్పులను దిద్ది గీచి, లేఖతో త్రిప్పి పంపుచుండెను. శిష్యుడు సొమ్ము చెల్లించినది ముఖ్యముగ ఈ దిద్దుబాటుకే. ఈ సంస్థయే రచనావిద్యకును అట్టి పాఠశాల నొకటి నడపెను. పత్రికా ప్రకటనలలో కనబడు ప్రసిద్ధులు శిష్యుల రచనలను చూచుట లేదని 1970లో జెస్సికా మిట్‌ఫర్డ్ అను రచయిత్రి అట్లాంటిక్ మాసపత్రికలో బయటపెట్టెను. పిమ్మట కొలదికాలమునకే సంస్థ దివాలా స్థితికి వచ్చెను. రుసుము గైకొన్నంత మాత్రమున గురుత్వము సిద్ధింపదని ఈ చరిత్ర తెలుపుచున్నది.

1983 మొదలు 1994 వరకు బాబ్ రాస్ అను నాతడు అమెరికా ప్రజా టెలివిజన్‌లో 403 పాఠములు చెప్పెను. అరగంటకు లోపుగనే తైలవర్ణములతో ఒక ప్రకృతిదృశ్యము పూర్తియగుచుండెను. ఈయన కార్యక్రమమునకును వెల లేదు. రంగులు, కుంచెలు, తరగతుల వలననే ఆదాయము. చూచి ఆనందించినవారు కోకొల్లలు. కాని చూచినవారందరును కుంచె పట్టలేదు.

ఇంతలో చిత్రలేఖనమునకే కొత్త సాధనము వచ్చినది. కాగితము, రంగు లేకయే, పలక వంటి పరికరముపై కలము వంటి పుల్లతో గీయగా ఆ గీత కంప్యూటరు తెరపై కనబడును. ఒక పొరపై మరియొక పొర నుంచి వేర్వేరుగ దిద్దవచ్చును. దీనిని డిజిటల్ చిత్రలేఖన మందురు. ఫోటోషాప్ అను సాధనము 1990లో వెలువడినది. ఈ విద్యకు వీడియో పాఠము మిక్కిలి తగినది. ఏలయన, పూర్తియైన బొమ్మ తన పుట్టుక క్రమమును దాచును. వీడియో దానిని చూపును. ముందు ఆకృతి, పిదప వెలుగునీడలు, కడపట చిన్న వివరములు అను వరుస కంటికి కట్టినట్లు తెలియును.

లాస్ ఏంజిలీస్ నగరమునందలి నోమన్ వర్క్‌షాప్ 2000 నుండి ఇట్టి పాఠములను వెలకు అమ్మెను. డి.వి.డి.లుగ ఇచ్చి, తరువాత చందాపద్ధతిన చూప నారంభించెను. 2005లో యూట్యూబ్ పుట్టుటతో ఉచిత పాఠములు వరదవలె వచ్చినవి. చలనచిత్రములకు రూపకల్పన చేసిన ఫెంగ్ ఝు 2009లో సింగపూరున రుసుముతో పాఠశాల తెరచి, యూట్యూబ్‌లో ఉచిత పాఠములును ఉంచెను. స్టాన్ ప్రోకొపెంకో మానవాకృతి చిత్రణమున సంక్షిప్త పాఠము నుచితముగను, విస్తృత పాఠమును వెలకును ఇచ్చెను. క్రితా వంటి చిత్రసాధనములు సయితము ఉచితముగ లభించుచున్నవి. ఒక్క గురువే ఒక చేత దానము, ఒక చేత విక్రయము చేయుచుండగా, విక్రయింపబడున దేమి?

ఏకలవ్యుడు మట్టిబొమ్మ యెదుట విలువిద్య నేర్చెను. ఆ బొమ్మ వాని తప్పు నొక్కదానినైనను చూపలేదు. అయినను వాడు నేర్చుటకు కారణ మున్నది. బాణము గురి తాకినదో లేదో వాని కంటికే తెలియుచుండెను. చిత్రవిద్యయం దట్లు కాదు. ఆరంభకుని చేయి యెంత అపక్వమో కన్నును అంతే అపక్వము. ముక్కు వంకరగ గీచినవానికి ఆ వంకర కనబడదు. కావుననే పరుని కన్ను కావలెను. మఱియు తనకు విద్య వచ్చుట వేరు, పరునికి నేర్పుట వేరు అని కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున నాట్యాచార్యుల వివాద సందర్భమున చెప్పించెను. ప్రసిద్ధ చిత్రకారుని వీడియో అయినంత మాత్రమున అది మంచి పాఠము కానేరదు.

జమాఖర్చు చూచినచో లెక్క స్పష్టము. ఉచిత వీడియో పద్ధతిని తెలుపును. వెల గల వీడియో ఆ పద్ధతినే క్రమముగ, వెదకు శ్రమ లేకుండ తెలుపును. ఈ రెండింటికిని భేద మల్పము. శిష్యుని బొమ్మను చూచి దిద్దు గురువునకు మాత్రమే పెద్ద రుసుము తగును. సొమ్ము చెల్లింపకమునుపు అడుగవలసిన ప్రశ్న యొకటే: బొమ్మను ఎవరు దిద్దుదురు? అందులకు సూటియైన జవాబు రానిచో ఆ సొమ్మును సంచిలోనే యుంచుట మేలు.

సొమ్ము లేనివారు నిరాశ చెందవలదు. చూచిన కాలముకంటె గీచిన కాలము అధికముగ నుండవలెను. పిదప పెద్దలు చెప్పిన మూడవ మార్గము నాశ్రయింపవలెను. ఇరువురు విద్యార్థులు ఒకరి బొమ్మ నొకరు మొగమాటము లేక పరిశీలించినచో, ఒకరికి కనబడని వంకర రెండవవానికి కనబడును. ఉచిత పాఠమున లేని కన్ను ఇట్లు లభించును. దీనికి కాసు ఖర్చు లేదు. ఒక బల్ల, రెండు ఆసనములు, నొచ్చుకొనని మనస్సు ఉన్నచో చాలును.