ఒక్క ఏడాది అంటే ఎన్నేళ్ళు?

ఐపీఎల్ వేలం జరిగినప్పుడల్లా మా ఆఫీసు క్యాంటీన్లో ఒక మాట వినిపిస్తుంది. "కోట్లు వస్తుంటే ఇంక వాళ్ళకి హక్కులేంటి, యూనియన్లేంటి?" అని. ఒకప్పుడు నేనూ తలూపేవాణ్ణి. కర్ట్ ఫ్లడ్ అనే బేస్‌బాల్ ఆటగాడి సంగతి చదివాక ఊపడం మానేశాను. మనలో చాలామందికి బేస్‌బాల్ తెలీదు. ఫర్వాలేదు, తెలియక్కర్లేదు కూడా. ఇది ఆట గురించి కాదు, కాంట్రాక్టులో ఉన్న ఒకే ఒక్క షరతు గురించి.

ముందు ఆ షరతు ఎలా పుట్టిందో చూద్దాం. అమెరికాలో 1876లో నేషనల్ లీగ్ మొదలైంది. మంచి ఆటగాడికి పక్క జట్టువాడు నాలుగు డాలర్లు ఎక్కువిస్తానంటే వాడు చక్కా వెళ్ళిపోయేవాడు. యజమానులకి ఇది మింగుడు పడలేదు. 1879లో అందరూ కూడబలుక్కున్నారు. ఒక్కో జట్టు ఐదుగురిని రిజర్వు చేసుకోవచ్చు, వాళ్ళ జోలికి మిగతా జట్లు పోకూడదు. కొన్నేళ్ళు తిరిగేసరికి ఆ ఐదుగురు కాస్తా జట్టు మొత్తం అయిపోయారు! దీన్నే రిజర్వ్ క్లాజ్ అన్నారు.

తర్వాతి రోజుల్లో కాంట్రాక్టుల్లో అది ఇలా ఉండేది: ఆటగాడు కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టకపోతే, క్లబ్బు పాతదాన్నే అవే షరతులతో ఇంకో ఏడాది పొడిగించుకోవచ్చు.

ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇక్కడ అనుమానం రావాలి. "అవే షరతులు" అంటే, పొడిగించుకునే షరతు కూడా అందులో ఉన్నట్టా, లేనట్టా? ఉన్నట్టే అయితే వచ్చే ఏడు మళ్ళీ పొడిగించొచ్చు, ఆ పై ఏడు మళ్ళీ.. అంటే ఆగే కండిషన్ లేని రికర్షన్ అన్నమాట! యజమానులు దాన్ని సరిగ్గా అలాగే చదివారు. ఆటగాడు ఆట మానేసి ఇంటికి పోవచ్చు గానీ, ఇంకో జట్టుకి ఆడటానికి వీల్లేదు. క్లబ్బు మాత్రం తనకి తోచినప్పుడు అతన్ని ఇంకో జట్టుకి ఇచ్చేసి, బదులుగా వేరేవాణ్ణి తెచ్చుకోవచ్చు. సంతలో ఎడ్లు మార్చుకున్నట్టు.

1969 అక్టోబరులో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు కర్ట్ ఫ్లడ్‌ని అలాగే ఫిలడెల్ఫియాకి ఇచ్చేసింది. అప్పటికి అతను ఆ జట్టులో పన్నెండేళ్ళుగా ఉన్నాడు. 1964లోనూ, 1967లోనూ వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఫీల్డింగుకి ఇచ్చే గోల్డ్ గ్లోవ్ వరసగా ఏడేళ్ళు అందుకున్నాడు. ఏడాదికి 90,000 డాలర్ల జీతం, ఆ రోజుల్లో చాలా పెద్ద మొత్తమే. నల్లజాతివాడు కావడంతో, కుర్రతనంలో దక్షిణాది చిన్న లీగుల్లో ఆడినప్పుడు జట్టులోని తెల్లవాళ్ళతో కలిసి హోటల్లో తినడానిక్కూడా వీల్లేని రోజులు చూశాడు. ఇప్పుడు ఒక్క మాటైనా అడక్కుండా ఊరు మార్చేశారు.

ఆటగాళ్ళ సంఘాన్ని నడిపేది మార్విన్ మిల్లర్. ఉక్కు కార్మికుల యూనియన్ నుంచి 1966లో వచ్చాడు. కేసు వేస్తానన్న ఫ్లడ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాడు: గెలిచే అవకాశం తక్కువ, ఒకవేళ గెలిచినా నీకు దక్కేదేమీ ఉండదు, నీ ఆట మాత్రం అయిపోతుంది. మరి మిగతా ఆటగాళ్ళకి మేలు జరుగుతుందా అని ఫ్లడ్ అడిగాడట. జరుగుతుందన్నాక, అయితే చాలన్నాడట. 1969 డిసెంబర్ 24న బేస్‌బాల్ కమిషనర్ బోవీ కూన్‌కి ఉత్తరం రాశాడు. నేను కొని అమ్ముకునే ఆస్తిని కాదు, వేరే జట్ల అవకాశాలు కూడా చూసుకునే హక్కు నాకుంది అని దాని సారాంశం. కూన్ కుదరదన్నాడు. ఫ్లడ్ కోర్టుకెక్కాడు.

అందరూ ఏమన్నారో ఊహించొచ్చు. 90,000 తీసుకుంటూ బానిసత్వం గురించి మాట్లాడతావా అని! జీతం ఎక్కువైనంత మాత్రాన బానిస బానిస కాకుండా పోడన్నాడు ఫ్లడ్. ఆటగాళ్ళ ప్రతినిధులు 25-0 ఓటుతో అతనికి మద్దతిచ్చారు గానీ, 1970లో విచారణ జరిగితే అప్పుడు ఆడుతున్న వాళ్ళలో ఒక్కడూ సాక్ష్యానికి రాలేదు. ఎప్పుడో రిటైరైన జాకీ రాబిన్సన్, హాంక్ గ్రీన్‌బర్గ్ వచ్చి చెప్పారు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

1972 జూన్‌లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో ఫ్లడ్‌కి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. బేస్‌బాల్‌కి గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని 1922లో అదే కోర్టు అంది. ఇప్పుడేమో, ఆ మినహాయింపు అసంబద్ధమే, మిగతా ఆటలకి లేదు కూడా, అయినా మార్చాల్సింది కాంగ్రెస్సే అంది. తప్పని ఒప్పుకుంటూనే తప్పుని అలా ఉంచేశారు! 1970 సీజనంతా ఆడని ఫ్లడ్, 1971లో వాషింగ్టన్ జట్టులో చేరి 13 ఆటలాడి మానేశాడు. దేశం వదిలి స్పెయిన్ వెళ్ళిపోయాడు.

కోర్టులో పోయింది వేరేచోట దొరికింది. వివాదాలని యజమానుల మనిషి కాకుండా తటస్థ మధ్యవర్తి తేల్చాలని 1970 ఒప్పందంలో సంఘం సాధించుకుంది. 1975లో ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టకుండానే ఆడారు. మెక్‌నాలీ మధ్యలోనే రిటైరయ్యాడు. మెసర్‌స్మిత్ సీజనంతా ఆడాడు. సీజనయ్యాక ఇద్దరి తరఫునా సంఘం అడిగింది, పొడిగించిన ఏడాది అయిపోయింది కదా, ఇక వీళ్ళు స్వేచ్ఛాజీవులే కదా అని. మధ్యవర్తి పీటర్ సీట్జ్ 1975 డిసెంబర్ 23న తేల్చి చెప్పాడు: ఒక ఏడాది అంటే ఒక్క ఏడాదే. రికర్షన్ లేదు! ఫ్లడ్ ఉత్తరానికి ఆరేళ్ళు నిండటానికి ఒక్క రోజు తక్కువ. యజమానులు వెంటనే సీట్జ్‌ని తీసేశారు, కోర్టులకి వెళ్ళారు, అక్కడా ఓడిపోయారు.

ఇక్కడ మిల్లర్ తెలివి చూడండి. అందరికీ ఏటా స్వేచ్ఛ కావాలని అతను పట్టుబట్టలేదు. అందరూ ఒకేసారి మార్కెట్లోకొస్తే ధర పడిపోతుందని అతనికి తెలుసు. 1976 జూలైలో, ఆరేళ్ళు ఆడినవాళ్ళకి స్వేచ్ఛ అనే చోట రాజీ కుదిరింది. ఆ ఏడాది 51 వేల డాలర్లున్న సగటు జీతం 1980కల్లా లక్షా నలభై మూడు వేలైంది. ఫ్లడ్‌కి అందులో ఒక్క డాలరూ రాలేదు. 1997 జనవరిలో చనిపోయాడు. మరుసటేడు అతని పేరుతో కాంగ్రెస్ చట్టం చేసింది.

మళ్ళీ మన క్యాంటీన్‌కొద్దాం. ఇంకో కంపెనీ ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని ఇక్కడ హైక్ అడగని ఇంజనీరు మనలో ఎంతమంది? మన జీతాలు పెరిగింది ఎక్కువగా ఆ దారినే. రేపటినుంచి కంపెనీలన్నీ కూడబలుక్కుని ఆ ఒక్క దారి మూసేస్తే, ఎన్ని లక్షలిచ్చినా మనకి సమ్మతమేనా? ఐపీఎల్ వేలంలో ఏ ఊరికి ఆడాలో ఆటగాడు ఎంచుకోలేడు. ఇప్పుడు ఆడుతున్న మన క్రికెటర్ల తరఫున బేరమాడే సంఘమూ లేదు. కాబట్టి ఎన్ని కోట్లిస్తున్నారు అన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. నచ్చకపోతే వెళ్ళిపోవచ్చా అన్నదే మొదటిది.