తాలీంఖానా: మన పెద్దలు నడిపిన మరో బడి

బడిలో పిల్లలను నేను ఒక ప్రశ్న అడుగుతుంటాను. "తాలీం అంటే ఏమిటి?" అని. "చదువు సార్" అంటారు. ఇంట్లో తాతగారిని అడిగి రమ్మంటే, మర్నాడు "కుస్తీ పట్టే చోటంట సార్" అంటూ నవ్వుకుంటూ వస్తారు. రెండూ నిజమే. ఇది అరబ్బీ మాట, జ్ఞానం అనే అర్థం గల 'ఇల్మ్' నుంచి పుట్టింది. మన దక్కన్‌లో కుస్తీ నేర్పే చోటికీ ఆ పేరే పెట్టారు. రెండు చోట్లా నేర్పేవాడు ఉస్తాదే, నేర్చుకునేవాడు షాగిర్దే. పెద్దలు ఊరికే ఆ పేరు పెట్టలేదని నా నమ్మకం.

ఈ విద్య మన ఓరుగల్లు సీమకు కొత్తది కాదు. 1129 ప్రాంతంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రాశాడు. ఆ కల్యాణి నేటి కర్ణాటకలోని బసవకల్యాణ్. అప్పట్లో మన కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులు. ఆ గ్రంథంలో మల్లుల శిక్షణ గురించి వివరంగా ఉంది. వాళ్లు తినే తిండి, బరువులెత్తడం, నడక, ఈత, స్తంభం మీద కసరత్తు అన్నీ చెప్పాడు. తర్వాత 1253-54లో గణపతిదేవుని గజసేనాధిపతి జాయప 'నృత్త రత్నావళి' రాశాడు. వీరుల నృత్యంగా పేరున్న పేరిణి గురించి అందులో ఉంది. సేనను నడిపే మనిషి నాట్యశాస్త్రం రాశాడంటే, ఆ కాలంలో దేహశిక్షణకు ఎంత విలువ ఉండేదో ఆలోచించండి.

తరువాతి కాలంలో ఫారసీ మాటలు వచ్చి ఇందులో కలిశాయి. కుస్తీ, పహిల్వాన్, ఉస్తాద్ అటునుంచి వచ్చాయి. దండీలు, అఖాడా ఇక్కడివి. సాము, గరిడీ మన తెలుగువి. ఒకే మట్టిలో అన్నీ కలిసిపోయాయి. కనుక ఇది ఒక్క మతం వాళ్ల సొత్తు అనడానికి ఎవరికీ వీల్లేదు.

1990 ప్రాంతంలో, చిన్నతనంలో, నాన్నగారు నన్ను వరంగల్‌లోనే ఒక తాలీంకు పంపారు. మొదటి రోజే ఎవరినో ఎత్తి పడేస్తానని ఉబలాటపడి పోయాను. ఉస్తాద్ నా చేతికి పార ఇచ్చారు. "పహ్లే మిట్టీ కో సలాం కరో" అన్నారు, ముందు మట్టికి దండం పెట్టుకో అని. పది రోజులు మట్టి తవ్వడం, నీళ్లు చల్లడం, మళ్లీ తవ్వడం. నడుమూ భుజాలూ ఆ పారతోనే గట్టిపడ్డాయి. తర్వాత దండీలు, బైఠక్‌లు. ఊపిరి ఎప్పుడు తీయాలి, ఎప్పుడు వదలాలి అన్నదానిమీదే ఆయన దృష్టి అంతా. ఊపిరి తప్పితే లెక్క మళ్లీ మొదటినుంచి.

రెండు నెలలకు నాలుగు పట్లు వచ్చాయి, దాంతో తల కూడా తిరిగింది. గల్లీలో గోలీల దగ్గర తగాదా వచ్చి, నాకంటే చిన్నవాణ్ణి కింద పడేశాను. సంగతి ఉస్తాద్‌కు తెలిసింది. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. వారం రోజులు నన్ను మట్టిలో దిగనివ్వలేదు. అందరూ కుస్తీ పడుతుంటే నేను బావి దగ్గర నీళ్లు తోడాలి. ఎనిమిదో రోజు ఆ పిల్లవాడి ఇంటికి తీసుకుపోయి మాఫీ అడిగించారు. నేర్చుకున్న పట్లు ఇప్పుడు చాలావరకు మరిచిపోయాను గానీ, ఆ వారం మాత్రం మరిచిపోలేదు.

గామా పహిల్వాన్ పేరు విననివారుండరు. 1910లో లండన్‌లో పోలండ్ మల్లుడు జ్బిస్కోతో రెండున్నర గంటలకు పైగా తలపడినా గెలుపు తేలలేదు. 1928లో పాటియాలాలో అదే మల్లుణ్ణి నిమిషంలోపే ఓడించాడు. అయితే 1947 అల్లర్లలో, లాహోర్‌లో తన గల్లీలోని హిందూ కుటుంబాలకు ఆయన అడ్డుగా నిలబడ్డాడని చెబుతారు. నా దృష్టిలో ఆయన గెలిచిన కుస్తీలన్నిటికంటే అది పెద్దది.

కానీ మన నగరాల్లో పహిల్వాన్ అనే మాటకు తర్వాత ఎలాంటి అర్థం వచ్చిందో మీకు తెలుసు. జాగాల తగాదాలు తీర్చేవాడు, దబాయించేవాడు అని. తప్పు కుస్తీది కాదు. కండలు ఉంచుకుని అదబ్‌ను వదిలేశాం. నేటి జిమ్‌లలో యంత్రాలు ఉన్నాయి, అద్దాలు ఉన్నాయి. తప్పు చేసిన కుర్రాణ్ణి బావి దగ్గర నిలబెట్టే ఉస్తాద్ ఎంతమందికి దొరుకుతాడు?

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. కన్నతండ్రి ప్రోత్సాహం లేకపోతే ఆమె అంత దూరం వచ్చేదా?

సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. పిల్లల చదువుకు స్కాలర్‌షిప్‌లు ఇస్తున్నాం, సంతోషం. దాంతోపాటు సాయంత్రం ఒక గంట తాలీం కూడా మొదలుపెడదాం. పెద్ద ఖర్చేమీ కాదు. కాస్త జాగా, కాస్త మట్టి, రెండు పారలు చాలు. ఆడపిల్లలకు వేరే సమయం పెట్టవచ్చు. అన్నిటికంటే ముందు మంచి ఉస్తాద్‌ను వెతకాలి. పిల్లవాడి చేతికి మొదటి రోజు పార ఇచ్చే ఉస్తాద్ కావాలి.