మళ్లీ వచ్చేవాళ్ల కొండ

పడవల రేవు దాటగానే ఆటో ఆగిపోతుంది. "ఇక నడవాల్సిందేనండి, అవతల బారికేడ్లు పెట్టారు" అంటాడు డ్రైవరు, డబ్బులకు చెయ్యి చాపుతూ. ఫిబ్రవరి 10, చీకటి పడే వేళ. గుణదల మేరీమాత ఉత్సవాల్లో రెండో రోజు. ఏలూరు రోడ్డు మీద ఇవాళ బండ్లకు చోటు లేదు. చాపలు చంకన పెట్టుకున్నవాళ్లు, నెత్తిన మూటలు, భుజాల మీద పిల్లలు, ఇప్పుడే తలనీలాలిచ్చి వచ్చిన నున్నటి గుండ్లు. దుకాణాల్లో జపమాలలు, గాజులు, జీళ్లు, ఎత్తును బట్టి వరసగా నిలబెట్టిన కొవ్వొత్తులు. మైకులో కాసేపు మరియమ్మ పాట, కాసేపు తప్పిపోయిన పిల్లల పేర్లు.

నేను మాస్కు పైకి లాక్కుంటాను. పక్కింటి వదిన నవ్వుతుంది. "కోవిడ్ పోయి ఎన్నాళ్లయింది వదినా!"

గోల తగ్గింది, నిజమే. కానీ నేను మింగే మాత్రలు నా రోగనిరోధక శక్తిని కావాలనే తగ్గిస్తాయి. ఇంతమంది దగ్గుల మధ్య ఆ గుడ్డముక్క ఉంటేనే నాకు ధైర్యం.

నాది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. మా ఊళ్లో కీళ్లవాతం అనేస్తారు, వావిలాకు కాపడం పెట్టమంటారు. వయసు మీద పడి మోకాలు అరగడం వేరు, ఇది వేరు. బయటి నుంచి వచ్చే క్రిములతో పోరాడాల్సిన కణాలు దారి తప్పి సొంత కీళ్ల లోపలి పొర మీద పడతాయి. ఆ పొర వాచి, మందమై, పక్కనున్న ఎముకను మెల్లగా తినేస్తుంది. కుడిచేతి కణుపులు వాచాయంటే ఎడమచేతివీ వాస్తాయి. వందమందిలో ఒక్కరికి కూడా రాదంటారు గానీ వచ్చినవాళ్లలో ఆడవాళ్లు మగవాళ్లకు రెండు మూడింతలు. పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకోదు. గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది వేళ్లు మాట వినడానికి. ఆవకాయ జాడీ మూత, తడిబట్ట పిండడం, బళ్లో సుద్దముక్క, చీర కుచ్చిళ్లకు పిన్నీసు. అన్నిట్లోకీ పిన్నీసే పెద్ద శత్రువు.

జనం నెమ్మదిగా కదులుతున్నారు. నాకు అదే మేలు. అడుగు వేసినప్పుడల్లా ముందుపాదం కింద గులకరాళ్లు పరిచినట్టుంటుంది. వదిన నా మోచెయ్యి పట్టుకుంది. మణికట్టు పట్టుకోకూడదని ఆవిడకు తెలుసు.

నేను పుట్టింది గుడివాడ పక్క పల్లెలో, సీఎస్‌ఐ ప్రొటెస్టెంట్ సంఘంలో. మాకు మరియమ్మ క్రిస్మస్ నాటకంలో కనిపించి వెళ్లిపోతుంది. గుణదల అంటే మా పెద్దత్త మొహం చిట్లిస్తుంది. వదిన ఆర్‌సీఎం, అంటే కథోలికురాలు. "నాకు తోడుగా వస్తున్నావని చెప్పు, సరిపోతుంది" అంది బయల్దేరేటప్పుడు. పెద్దత్త ఈ జనాన్ని చూస్తే ఏమనేదో! బొట్టు పెట్టుకుని, కొబ్బరికాయ చేత్తో పట్టుకుని వస్తున్నవాళ్లు మా ముందే ఎంతమందో. ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ ఉన్న ఊరు. మొక్కుకుని కొండెక్కడం బెజవాడ వాళ్లకు ఏ మతంలోనైనా కొత్త కాదు.

సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమానికి అధిపతిగా వచ్చిన ఇటలీ గురువు ఫాదర్ అర్లాటి 1924లో ఈ కొండ మీద లూర్దుమాత ప్రతిమను పెట్టించారు. తిరునాళ్ల అక్కడి నుంచే మొదలు. లూర్దులో బెర్నదెత్ అనే పేదింటి పిల్లకు మరియమ్మ మొదట కనిపించింది 1858 ఫిబ్రవరి 11న అని కథోలికుల నమ్మకం, అందుకే ఈ తేదీలు.

మెట్ల దగ్గర మైనం వాసన, చెమట వాసన, పగిలిన కొబ్బరినీళ్ల తడి. ఎక్కడం పర్వాలేదు, దిగడమే మోకాలికి పరీక్ష. సగం దూరంలో ఒక పక్కకు జరిగి కూర్చుంటాం. వదిన డబ్బా మూత తీసి పులిహోర పెడుతుంది. ఇవాళ నాకు మాత్రల రోజు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మా డాక్టరమ్మ చీటీ మీద ఆ వారం పేరు రాసి చుట్టూ సున్నా చుట్టింది. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకల్లో మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. మర్నాడు ఫోలిక్ యాసిడ్. మొదటి మందు ఒంట్లో ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడుతుంది కాబట్టి, ఆ దెబ్బ మరీ ఎక్కువ తగలకుండా రెండోది.

ఈ రెండు మాత్రల వెనకా ఉన్నది మన పక్క జిల్లా మనిషే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు సోదరులను తీసుకుపోయింది. కుర్రతనంలో సన్యాసం పుచ్చుకుందామని రామకృష్ణ మఠం వైపు నడిచినవాడు, చివరికి వైద్యం చదివి అమెరికా చేరాడు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూకి పనికొచ్చిన మందు అది. ఆ తర్వాత అదే అణువును కొద్దిగా మార్చి దానికి ఎదురుతిరిగే మందులు చేశారు, అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. మొదట రక్తకేన్సర్ పిల్లలకు. ఆయన 1948లోనే పోయారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను అమెరికా ప్రభుత్వం ఒప్పుకున్నది 1988లో. నాలాంటి దాని వేళ్లు వంకర పోకుండా తన మందు ఆపుతుందని ఆయనకు తెలిసే వీల్లేదు.

మాత్ర వేసుకునే ముందు కళ్లు మూసుకుంటాను. ఆ ప్రార్థనలో సుబ్బారావుగారి పేరు కూడా ఉంటుంది. ఒకసారి మా సంఘం పాస్టరు అయ్యగారితో అంటే, "అన్యులను కూడా ప్రభువు వాడుకుంటాడమ్మా" అన్నారు. వాడుకోవడమేమిటి, పంపించాడు అంటాను నేను.

"మంచినీళ్లు తాగు. ఇంకో గుక్క" అంటుంది వదిన. రేపు మధ్యాహ్నానికి కడుపులో తిప్పుతుందని ఆవిడకు తెలుసు.

మాత్రలు మానేయమన్నవాళ్లు లేకపోలేదు. స్వస్థత కూటాల్లో తల మీద చెయ్యి పెట్టి, నూనె రాసి, "నమ్మితే ఇవెందుకమ్మా" అన్నవాళ్లున్నారు. ప్రేమతోనే అన్నారు, అదే చిక్కు. కోప్పడటానికి వీలుండదు. నేను చేతులు జోడించి వచ్చేసేదాన్ని, రాత్రికి మాత్ర వేసుకునేదాన్ని. కళ్లద్దాలు పెట్టుకుని వాక్యం చదివే పాస్టరుగారిని ఎవరూ విశ్వాసం లేదనరు. కీళ్ల దగ్గరికి వచ్చేసరికి లెక్క ఎందుకు మారుతుందో నాకు అర్థం కాదు.

ప్రతిమ దగ్గరికి పోయే వరసలో మా ముందు ఒక పిల్ల. పాతికేళ్లు ఉండవు. ముక్కు మీదుగా రెండు చెక్కిళ్లకూ పాకిన ఎర్రటి మచ్చ. సూర్యారావుపేటలో డాక్టరమ్మ గది బయట బెంచీల మీద ఆ మచ్చ చూసి ఉన్నాను. అది తెచ్చేదీ నాలాగే సొంత కణాలు ఒంటి మీద తిరగబడే జబ్బే.

"లూపస్సా అమ్మా?"

ఉలిక్కిపడి చూస్తుంది. "మీకెట్టా తెలుసండీ?"

నా చేతులు చూపిస్తాను. చూపుడువేలి కణుపులు, పక్కకు ఒరిగిన చిటికెనవేలు. ఆ పిల్ల భుజాలు దిగుతాయి. నాగాయలంక నుంచి వచ్చారట. రొయ్యల చెరువు కాడ పని. "ఎండలోకి పోవద్దన్నారండీ. ఎండ తగిలితే ఒళ్లంతా మండుద్ది, జొరం వచ్చుద్ది. అందుకే చీకటి పడ్డాక వచ్చాం. తెల్లారకముందే పోతాం."

"హెచ్‌సీక్యూ వేసుకుంటున్నావా?"

"ఆఁ."

"ఏడాదికోసారి కళ్లు చూపించుకోమని చెప్పారా?"

తల అడ్డంగా ఊపుతుంది. చెప్పలేదనో, వెళ్లలేదనో.

"వెళ్లు. ఆ మందు కంటి వెనక పొర మీద పడుతుందేమో చూడాలి. మానెయ్యొద్దు, చూపించుకో."

పక్కన వాళ్ల అత్తగారు. పండిపోయిన జుట్టు, చేతిలో కొవ్వొత్తుల కట్ట. "ఏటా వత్తన్నామండీ. తగ్గలా."

"అయినా మళ్లీ వచ్చారుగా" అంటుంది మా వదిన.

"రాకపోతే ఎట్టాగండీ. ఆ తల్లికి చెప్పుకోవాలిగా" అంటుంది ఆవిడ, ఎంత మామూలుగానో.

వరస ఆగిపోయింది, ఆ మాట దగ్గర నేనూ ఆగిపోయాను. మా సంఘంలో ఆరాధన చివర సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆపరేషన్ లేకుండా రాయి పడిపోయినవాళ్లు, సంతానం కలిగినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు లేచి చెబుతారు. నేను ఆనందంగానే వింటాను. కానీ ఆ సమయం అంతా అయిపోయిన కథలకే. జరుగుతూ ఉన్నవాటికి కాదు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి వస్త్రపు అంచు ముట్టుకున్న ఆవిడ గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. (ఆవిడ వైద్యుల చేతిలో పడి ఉన్నదంతా పోగొట్టుకుందని మార్కు రాస్తాడు. లూకా వైద్యుడు కదా, ఎవరివల్లా నయం కాలేదని మాత్రం చెప్పి ఊరుకుంటాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది.) తన శరీరంలో ఒక ముల్లు ఉందని పౌలు రాసుకున్న మాట మాత్రం ఎప్పుడో గాని వినపడదు. ఆ ముల్లు తీసెయ్యమని ఆయన మూడుసార్లు అడిగాడు. తీయలేదు. ఆ ముల్లుతోనే ఊళ్లు తిరిగాడు, ఉత్తరాలు రాశాడు. పౌలు సాక్ష్యం కూడా అయిపోయిన కథ కాదు.

ఈ కొండ మీది ప్రతిమకు పేరిచ్చిన లూర్దు కథలోనూ ఇదే ఉంది. నీటి ఊట చూపించిన బెర్నదెత్ చిన్నప్పటి నుంచీ ఉబ్బసం మనిషి. తర్వాత మోకాలి ఎముకకు క్షయ పట్టింది. 1879లో, 35 ఏళ్లకే పోయింది. ఊట దగ్గరికి లక్షలమంది వస్తారు. ఇన్నేళ్లలో చర్చి అద్భుత స్వస్థతగా అధికారికంగా ఒప్పుకున్నవి వంద కూడా లేవు. మరి మిగతావాళ్లు? వాళ్లే కదా ఆ ఊరిని నిలబెట్టింది. రెండో జాన్ పాల్ పోపుగారు 1992లో ఈ ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు, 1993 నుంచి పాటిస్తున్నారు. స్వస్థత పొందినవాళ్ల దినం అనలేదు. ఆయనే చివరి రోజుల్లో పార్కిన్సన్స్‌తో వణుకుతూ 2004లో లూర్దుకు వెళ్లారు. మరుసటి ఏడాది పోయారు.

వరస కదిలింది. తెల్లటి బట్ట, నీలం నడికట్టు, దీపాల వెలుగు. నాగాయలంక అత్తగారు కొవ్వొత్తి వెలిగించి, రెండోది నా చేతికిస్తుంది. నా వేళ్ల మధ్య అది నిలవదు. రెండు అరచేతుల మధ్య పెట్టి పట్టుకుంటాను. మరియమ్మతో ఏం మాట్లాడాలో నాకు రాదు. అలవాటు ప్రకారం ప్రభువుకే చెప్పుకుంటాను. మొదటిది, ఈ పిల్ల కళ్లు. రెండోది, రక్తపరీక్షలో వాపును చూపించే సీఆర్‌పీ తగ్గాలి. మూడోది ఆ మాట ఈ మాట. తగ్గించమని అడగడం నేనేమీ మానలేదు. ఎవరైనా మానేశామంటే నాకు నమ్మబుద్ధి కాదు.

రాత్రి షామియానా కింద చాప మీద. నేల చల్లదనం నడుం నుంచి పైకి పాకుతుంది. నిద్ర పట్టీ పట్టనట్టు. ఎక్కడో పసిపిల్ల ఏడుపు, ఇంకెక్కడో జపమాల గొణుగుడు, ఏలూరు లైను మీద రైలు కూత.

తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి చేతులు నావి కావు. వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి, దుప్పటి కూడా తీసుకోలేను. వదిన అడగదు, దుప్పటి తీసి, టీ గ్లాసు తెచ్చి నా రెండు అరచేతుల మధ్య ఇరికిస్తుంది. వేడి మెల్లగా కణుపుల్లోకి దిగుతుంది. చుట్టూ మైదానం మొత్తం లేస్తోంది, పళ్లు తోముకునేవాళ్లు, చాపలు చుట్టేవాళ్లు, దివ్యబలిపూజకు ముందు వరసలో చోటు కోసం పరిగెత్తేవాళ్లు. నాగాయలంక వాళ్లు వెళ్లిపోయారు, ఎండకు ముందే.

దిగేటప్పుడు ఒక్కో మెట్టుకు రెండు కాళ్లూ. సగంలో ఫోను మోగుతుంది. మా అయ్యగారు. వదిన బటన్ నొక్కి నా చెవి దగ్గర పెడుతుంది.

"వందనాలమ్మా. ఈ ఆదివారం స్త్రీల మైత్రి వాళ్లదే ఆరాధన. పాఠం నువ్వు చదవాలి. యోహాను ఐదో అధ్యాయం, బేతెస్ద కోనేరు."

"వందనాలండీ. అయ్యగారూ, దాని బదులు రెండో కొరింథీ పన్నెండు చదవనా?"

"ముల్లు భాగమా? నేను ప్రసంగం బేతెస్ద మీద తయారు చేసుకున్నానే."

"మీరు బేతెస్దే చెప్పండి. ఆ కోనేటి గట్టు మీద చాలామంది పడి ఉన్నారు కదండీ, ఆ రోజు లేచింది ఒక్కడేగా. మిగిలినవాళ్ల కోసం నేను ఇది చదువుతాను."

"రెండు పాఠాలా..." అంటూ ఏవో కాగితాలు తిప్పుతారు. "సరే, అట్లాగే కానీ. మైకు దగ్గరగా పెట్టుకుని చదువమ్మా. ఫ్యాన్ల మోతకు వెనక బెంచీల వాళ్లకు ఏమీ వినపడటం లేదట."