దంపుడుపాట

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమలో బియ్యపు మిల్లులు రాకమునుపు, తెల్లవారకముందే పెరటి రోళ్లయొద్ద పాట వినబడుచుండెడిది. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై వరి విస్తరించినకొలది దంపుపనియు హెచ్చినది. ఇద్దరు స్త్రీలొక్క రోటిలో మార్చి మార్చి పోటు వేయునపుడు పాట తప్పెనా, రోకలి రోకలికి తగులును. అది వినోదము గాదు, పనిముట్టు.

చదువురాని ఆ యిల్లాండ్రు పాడినదేమి? వాల్మీకి యించుమించు మఱచిన ఊర్మిళకు, ‘ఊర్మిళాదేవి నిద్ర’ యను పాటలో పదునాలుగేండ్ల నిద్రయు, మేలుకొని భర్తనే పరపురుషుడనుకొని గద్దించు నోరును ఇచ్చిరి. కావ్యములు చదివిన మాబోంట్లము దానిని మోటుపాట యంటిమి. బాలికలను బడికి పిలుచుట మంచిదే. రోటికడ విన్నది మఱచి రమ్మన్నట్లు పిలిచితిమి.

1955లో హైదరాబాదు ఆంధ్రసారస్వత పరిషత్తువారు స్త్రీల రామాయణపు పాటలను అచ్చొత్తించిరి. ఇంటిపిల్లయే పూనుకొన్న చోటును గలదు. ఉత్తర జపానునందలి ఐను జాతిలో చిరి యుకీయె యను బాలిక, బడిలో జపాను భాష నేర్చియు, అవ్వ నోట విన్న గేయములను వ్రాసిపెట్టెను. 1922లో పందొమ్మిదేండ్లకే ఆమె మరణింపగా, మరుసటి యేట గ్రంథము వెలువడెను.

మొన్న అమలాపురములో మా పెదతల్లిని దంపుడుపాట పాడుమంటిని. రెండు చరణములకే ఆగిపోయెను. మూలనున్న రోకలి తెచ్చి చేతికీయగా తక్కినది తానై వచ్చినది.