గంజాయి పుస్తకాలు అడిగే తమ్ముళ్లకు

గంజాయి పెంపకం నేర్పే పుస్తకం ఏదని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నారు. మేం చెప్పేది ఒకటే: 1894 నాటి ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ నివేదిక. వెయ్యి మందికి పైగా సాక్షుల్ని విని ఏడు సంపుటాలు అచ్చేశారు. బెంగాల్‌లో నౌగావ్ రైతులు మగ మొక్కలు ఏరెయ్యడానికి ప్రత్యేకంగా ఓ పనోణ్ణి పిలిచేవాళ్లట, అతని పేరు గంజా డాక్టర్! అప్పుడది లైసెన్సు పంట. నిషేధం వద్దనే కమిషన్ చెప్పింది. పన్ను వస్తుంది కదా, తెల్లోళ్ల లెక్క అది. మన భద్రాచలం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో, గోదావరి జిల్లా కింద ఉండేది.

1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం, 1985 నవంబరు 14 నుంచి ఎన్‌డీపీఎస్ చట్టం. ఇప్పుడు మొక్క పెంచితే పదేళ్ల దాకా జైలు. 20 కిలోలు దాటిన సరుకుతో దొరికితే పదేళ్లకు తగ్గదు, లక్ష జరిమానా, బెయిలు గగనం.

సీలేరు వైపు నుంచి హైదరాబాద్ పోయే సరుకు మన భద్రాచలం మీదుగా కూడా పోతుంది. చెక్‌పోస్టు దగ్గర దొరికేది మూట మోసినోడు, డబ్బు పెట్టినోడు కాదు. "బండి తోలితే చాలు, మూటలో ఏముందో నీకెందుకు" అని ఎవడైనా అంటే ముందు ఆ చట్టంలో సెక్షన్ 35 చదవండి. తెలిసే తీసుకెళ్లాడని కోర్టు అనుకుంటుంది, తెలియదని నిరూపించుకోవాల్సింది మనమే.