నాలుగు మడుల లెక్క

జర ఇటు జరుగు బిడ్డా, పొగ నీ దిక్కే మర్లుతున్నది. వాచ్‌మన్ తెచ్చిన కట్టెలు ఇంకా పచ్చిగున్నయి. నల్లగండ్లల ఈ అపార్ట్‌మెంట్లు లేనప్పుడు చెరువు మీదికెల్లి గాలొస్తే పండ్లు టకటక కొట్టుకుంటుండె.

పొద్దున నీ ఫోన్ల లెక్క సూపిచ్చినవు గద, మాదాపూర్ ఆఫీసుకు రెండు తొవ్వలు, రెండిటికీ సగటు 40 నిమిషాలే, ఎట్ల పోయినా ఒకటే అని. నీ ఈడుల నేను గూడ గట్లనే అనుకున్న. ఆ ముచ్చట జెప్త.

1979ల కొలువుల చేరిన. రంగారెడ్డి జిల్లా ఏర్పడి అప్పటికి ఏడాదే. వరి కోతల కాలం వస్తే మాకు పంట కోత ప్రయోగాలు. జిల్లా మొత్తం వడ్లు తూకం వేయలేం గద! అందుకే కొన్ని ఊర్లు, ఊర్ల కొన్ని సర్వే నంబర్లు, నంబర్ల ఒక మడి. అన్నీ చీటి తీసినట్టు అంకెల పట్టికల కెల్లి రావాలె, మన ఇష్టం గాదు. మడికి నైరుతి మూల నిలబడి, పట్టికల వచ్చిన రెండు అంకెలల్ల, ఒకటెంతో అన్ని అడుగులు పొడుగుకు, ఇంకోటెంతో అన్ని అడుగులు అడ్డంకు నడవాలె. ఆగిన కాడ మేకు దిగ్గొట్టి, అయిదు మీటర్లకు అయిదు మీటర్లు తాడు కట్టి, ఆ చౌకంల ఉన్న పంటే కోసి, కొట్టి, తూకం వేయాలె.

చెప్తుంటే అలకగ ఉంటది. ఆ ఏడు కోతలప్పుడు వాన పడ్డది. రెండు ఊర్లు, ఊరికి రెండు మడులు నా పాలికొచ్చినయి. పట్టిక నన్ను మడి నడుమకు పొమ్మంటది, నడుమ మోకాటిలోతు బురద. రైతు ఒడ్డు మీద నిలబడి, "సారూ, గా బురదల ఎందుకు, ఈడ మంచిగ పండింది, ఈడనే కోయండ్రి" అన్నడు. కోసిన. నాలుగు మడులల్ల అట్లనే, ఒడ్డు పక్క పొడి నేలల నిండు గొలుసులు జూసి కోసిన. తూకాలు 8.9, 9.1, 9.0, 9.0 కిలోలు. సగటు 9. కాగితం ముద్దుగ రాసి పంపిన.

మా పెద్ద సారు కాగితం జూసిండు. సగటు దిక్కు సూడనే లేదు. నాలుగు అంకెలు వేలుతోని ఒకదాని తర్వాత ఒకటి తడిమి, "ఏమయ్యా, నాలుగు మడులు ఒక్క తల్లి పిల్లలా?" అన్నడు. మళ్ల ఒక్క మాట అనలే. నేను తెల్లారి బురదల దిగిన. మా అదృష్టం, ఇంకా కోత పూర్తి గాలే. ఈసారి తూకాలు 4.5, 11, 7, 9.5. సగటు 8.

కిలోనే గద తేడా అంటవు. ఆ చౌకం 25 చదరపు మీటర్లు, ఎకరంల అసొంటివి 162 దాకా పడ్తయి. ఎకరానికి 162 కిలోల లేని వడ్లు నేను కాగితం మీద పండిచ్చిన!

నన్ను పట్టిచ్చింది సగటు గాదు, చెదురు, అంటే అంకెలు సగటు నుంచి ఎంత ఎడంగున్నయో అది. గిప్పుడు నీ తొవ్వలకు వద్దాం. కొత్తగూడ దిక్కుకెల్లి అయిదు రోజులు: 38, 41, 40, 42, 39. సి.ఆర్. రావు రోడ్డు మీదికెల్లి: 20, 70, 25, 60, 25. ఒక్కోదాని కూడిక 200, సగటు 40. సగటు నుంచి ఒక్కొక్కటి ఎంత దూరమో తీసి కూడితే ఎప్పుడైనా సున్నే వస్తది, ఎక్కువ తక్కువలు ఒకదాన్నొకటి తినేస్తయి. అందుకే ఆ దూరాలను వర్గం చేసి కూడుతరు. మొదటి తొవ్వకు 10, రెండోదానికి 2150. అయిదుతోని గాదు, నాలుగుతోని భాగిస్తరు. సగటును గూడ ఆ అయిదు అంకెలల్ల నుంచే తీసినం, అది తన అంకెలకు అనుకూలంగ నిలబడ్తది. అయిదుతోని భాగిస్తే చెదురు ఉన్నదానికన్న తక్కువ కనబడ్తది. విస్తృతి 2.5 ఒకటి, 537.5 ఒకటి. మీరు వేరియెన్స్ అంటరు. వర్గమూలం తీస్తే మొదటిది నిమిషంనర, రెండోది 23 నిమిషాలు.

మళ్ల నా మడుల కాడికొస్త. మీ అవ్వ "అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు పట్టి జూస్తే చాలు" అంటుండె. తెల్లన్నానికి అది నిజం, కలియబెట్టిన కుండ అది. అదే మెతుకు బిర్యానీ హండీల పట్టి జూడు! మీద తెల్లటి బియ్యం, కింద మసాల, అడుగున మాంసం. మీద మెతుకులు వంద పట్టినా అడుగు సంగతి తెల్వది. పొర పొరకూ గంటె దిగాలె. ఒడ్డు పక్క ఎన్ని మడులు కోసినా నాది గట్లనే అయితుండె. నిజంగ చీటి తీసి కోస్తే, ఎన్ని కోస్తే అంత నమ్మకం. కానీ తప్పు సగం గావాలంటే నాలుగంతలు కోయాలె, రెండంతలు సాలవు.

నీ రెండో తొవ్వ రోడ్డుకు పెట్టిన పేరు సి.ఆర్. రావు గారిది, ఆయన మన తెలుగాయనే. 1920ల హడగలిల పుట్టిండు, ఆంధ్ర విశ్వవిద్యాలయంల గణితం సదివి 1941ల కలకత్తా పోయి మహలనోబిస్ గారి స్టాటిస్టిక్స్ సంస్థల చేరిండు. కలకత్తాల పాఠం జెప్తుంటే ఒక విద్యార్థి ప్రశ్న అడిగిండంట, శాంపిల్ పెద్దగున్నప్పుడు అంచనా చెదురుకు ఉండే కింది హద్దు, శాంపిల్ చిన్నగున్నప్పుడు గూడ నిలబడ్తదా అని. రాత్రికి ఇంట్ల కూసొని తేల్చి తెల్లారి తెచ్చిండు. 1945ల అచ్చయింది. పక్షపాతం లేని అంచనా ఎంత తెలివిగ గట్టినా, దాని చెదురు ఒక గీతకు కిందికి దిగదని. క్రామర్–రావు హద్దు అని ఇప్పటికీ లోకమంతా సదువుతరు. 2023ల అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి ఇచ్చిన్రు, అదే ఆగస్టుల 102 ఏండ్లకు పోయిండు. ఆయన పేరు మీద సంస్థ గచ్చిబౌలి యూనివర్సిటీ ఆవరణలనే ఉన్నది. చెదురుకు కింది హద్దు జెప్పినాయన రోడ్డు మీద నీ ప్రయాణానికి పై హద్దే లేదు, అదొక్కటే నవ్వులాట.

రేపు తొమ్మిదింటికి నీకు ఇంటర్వ్యూ ఉన్నదంటివి. కొత్తగూడ దిక్కుకెల్లి పో బిడ్డా.